జాయ్‌స్టిక్ కొన్న అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నువ్వు విమానం ఆటల్లో విమానాన్ని తిప్పే పిడి, అదే జాయ్‌స్టిక్, కొన్నావనీ, ఇంట్లో కంప్యూటర్ మీద చెయ్యి తిప్పుకున్నాక పైలట్ ట్రైనింగ్‌కి వెళ్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింటి పిల్ల విమానం నడుపుతుందంటే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక బెంగ పట్టుకుంది. అందుకే రాస్తున్నాను.

స్టిక్‌ని హబ్‌కి కాదు, సీపీయూ వెనకాల యూఎస్‌బీ పోర్టుకే పెట్టు. కదలని బల్ల మీద ఉంచు. విండోస్‌లో గేమ్ కంట్రోలర్స్ తెరిచి, ప్రాపర్టీస్‌లో క్యాలిబ్రేట్ నొక్కు. స్టిక్ నడుమ ఎక్కడో, చివరలెక్కడో కంప్యూటర్‌కి నేర్పడమే క్యాలిబ్రేషన్. స్టిక్‌ని నడుమ వదిలెయ్యమని అడుగుతుంది చూడు, అక్కడ చెయ్యి పూర్తిగా తీసెయ్. వేలు కూడా ఆనించకు.

మీ నాన్న డిగ్రీలో ఉండగా యూఎస్‌బీ లేదు. సౌండ్ కార్డు వెనక 15 పిన్నుల పోర్టు ఉండేది. సాయంత్రమైతే గవర్నరుపేటలో నా రిపేరు షాపుకొచ్చి, ఖాళీగా ఉన్న కంప్యూటర్ మీద విమానం ఆట ఆడేవాడు. ఓసారి స్టిక్‌ని కుడికి కాస్త వాల్చి పట్టుకునే క్యాలిబ్రేషన్ చేసేశాడు. కంప్యూటర్ ఆ వాలునే నడుమ అనుకుంది. ఇక స్టిక్ వదిలితే చాలు, విమానం ఎడమకి ఒరిగేది. మళ్ళీ క్యాలిబ్రేట్ చేస్తే రెండు నిమిషాల పని. చెయ్యలేదు. కుడికి నొక్కి పట్టుకుని ఆడటం అలవాటు చేసుకున్నాడు. కొన్నాళ్ళకి నేను గమనించి సరిచేస్తే, అప్పుడు విమానం కుడికి ఒరగడం మొదలెట్టింది. "అన్నయ్యా, స్టిక్ పాడుచేశావ్" అని నా మీద ఎగిరాడు. స్టిక్ బాగానే ఉంది, వంకర చేతికి పట్టుకుంది. ఎంత చెప్పినా ఆ మణికట్టు తిన్నగా రాలేదు, చివరికి ఆటే మానేశాడు. వాడిది ఆట, పోయింది. నువ్వు రేపు నిజం విమానం ఎక్కాల్సినదానివి తల్లీ! స్టిక్ తప్పుని నీ చేత్తో సర్దుకోకు. ఈ ఒక్క మాటా విను.

డెడ్‌జోన్ పెంచితే స్టిక్ తంటాలన్నీ పోతాయని ఎవరైనా చెప్తే అప్పుడే పెంచెయ్యకు. డెడ్‌జోన్ అంటే నడుమ కొంత మేర స్టిక్ కదిపినా కదలనట్టే లెక్క. రన్‌వే దగ్గరికొచ్చాక కావలసినవన్నీ ఆ చిన్న చిన్న కదలికలే. అవి పనిచెయ్యక ఇంకాస్త తోస్తావు, ఒక్కసారిగా అందుకుంటుంది, అటూ ఇటూ ఊగిపోతావు. ముందు క్యాలిబ్రేషన్ విండోలో రా డేటా, అంటే స్టిక్ పంపే అసలు అంకెలు, చూడు. 10 బిట్ల స్టిక్ అయితే 0 నుంచి 1023 దాకా అంకెలుంటాయి, నడుమ 512 దగ్గర ఉండాలి. ముట్టుకోకుండానే అంకె బాగా ఎగిరెగిరి పడుతుంటే లోపల స్టిక్ ఎంత వాలిందో కొలిచే పాట్‌లో దుమ్మన్నా చేరింది, కార్బన్ అన్నా అరిగింది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరలాడేది ఈ పార్టే. అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ స్టిక్‌లో రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదల ఉండదు. అన్నీ సరిచూశాక కూడా సన్నటి వణుకు మిగిలితే అప్పుడు కొద్దిగా డెడ్‌జోన్ పెట్టుకో.

గేములో ఒకే యాక్సిస్, అంటే ఒకే కదలిక, రెండు పరికరాలకి లేకుండా చూసుకో. ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ తిరగబడితే రివర్స్ పెట్టు.

ఇంకోటి. గేములో ఎయిర్‌పోర్టు కోడ్ వీఓబీజెడ్ అని కొడితే మన గన్నవరం వస్తుంది. సెస్నా 172 అనే చిన్న విమానం ఎక్కి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ముక్కు ఎడమకి లాగుతుంది. అది స్టిక్ తప్పు కాదు, ప్రొపెల్లర్ ప్రభావం. నిజం విమానంలోనూ అంతే, ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్ పెడల్ కుడిది తొక్కాలి. అందుకే స్టిక్ బాగుందా లేదా అన్నది టెస్ట్ విండోలో తేల్చుకో, విమానంలో కాదు.

చెయ్యి తీసేసినప్పటి ఎక్స్, వై అంకెలు రెండూ ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్యి. అంకె ఎగురుతుంటే స్క్రూలు నువ్వు విప్పకు, గుంటూరు నుంచి వచ్చేటప్పుడు మీ నాన్న చేత పంపించు. నేను చూస్తాను.

మీ పెదనాన్న