ఆటిజం ఉన్న పిల్లలకు స్కూల్ బస్సు: ప్రైవేటు వ్యాన్‌కు డబ్బులు పోయకండి

"మావాడికి ఆరేళ్లు, ఆటిజం, మాటలు రావు. స్కూల్ బస్సు ఎక్కించాలంటే భయం. ప్రైవేటు వ్యాన్ ఎంతవుతుంది?" అమెరికాలో దిగిన కొత్తలో మనవాళ్లు అడిగేది ఇదే. వ్యాన్ మాట మరిచిపోండి. ఒకరు డిపెండెంట్ వీసా (హెచ్‌4) మీద ఉండి, ఒక్క జీతం మీద నడిచే సంసారానికి అది దండగ ఖర్చు. వైకల్యం వల్ల పిల్లవాడికి రవాణా అవసరమైతే, ఐడీఈఏ (వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం) కింద స్కూల్ డిస్ట్రిక్టే, అంటే మీ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థే, ఉచితంగా ఇవ్వాలి. వీసాతో పనిలేదు. మిగతా నియమాలు మీ రాష్ట్ర విద్యాశాఖ దగ్గర దొరుకుతాయి, చదువుకోండి.

అసలు పని ఐఈపీ మీటింగులో. ఐఈపీ అంటే మీ పిల్లవాడికి స్కూలు ఏమేం ఇవ్వాలో రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక. మనవాళ్లు అక్కడ తలూపి, థాంక్యూ చెప్పి వచ్చేస్తారు. టీచరు "చూసుకుంటాం" అన్న మాట బస్సు డ్రైవరుదాకా చేరదు. రవాణా గడిలో టిక్కు ఒక్కటే చాలదు. బస్సులో ఎయిడ్ (పిల్లవాణ్ణి చూసుకునే సహాయకులు) ఉండాలని, ఇంటి ముందే ఎక్కించుకోవాలని, ప్రయాణం ఇన్ని నిమిషాలు దాటకూడదని, ఏ సీటో, ఏ బెల్టో అన్నీ రాయించండి. చెయ్యి వదిలితే పరుగెత్తిపోయే పిల్లవాడైతే డాక్టరుతో రికార్డులో జెడ్91.83 కోడ్ (ఇలా చెప్పకుండా వెళ్లిపోయే అలవాటుకు వాడే వైద్య కోడ్) వేయించండి. ఎయిడ్ అడిగేటప్పుడు అదే ఆధారం. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నా ఉచితమే. మీరు అడిగిన దేన్నైనా కాదంటే కారణం రాసివ్వమనండి, ఇచ్చి తీరాలి.

పెద్ద పసుపు బస్సులకు ఫెడరల్ నియమం ప్రకారం బెల్టు తప్పనిసరి కాదు. దగ్గరదగ్గరగా ఉన్న ఎత్తైన, మెత్తని సీట్ల మధ్య కూర్చోవడమే అక్కడ రక్షణ. లేచి తిరిగేవాడికి అదేం పనికిరాదు. 10,000 పౌండ్ల లోపు చిన్న బస్సుల్లో బెల్టులుంటాయి. వాటినీ విప్పేసుకుంటుంటే వెనక జిప్పున్న సేఫ్టీ వెస్ట్ (ఒంటికి తొడిగి సీటుకు కట్టే పట్టీల జాకెట్) అడగండి. సైజు నడుము కొలతను బట్టి. చలికోటు వెస్ట్ మీద వేయాలి తప్ప లోపల కాదు. లోపల వేస్తే గుద్దుకున్నప్పుడు కోటు అణిగి పట్టీలు వదులవుతాయి. కాళ్ల మధ్య పట్టీ బిగించకపోతే పిల్లవాడు కిందికి జారిపోతాడు. సీటు వీపుకు చుట్టే పట్టీతో కట్టే రకమైతే, సరిగ్గా దాని వెనక సీటు ఖాళీగా ఉండాలి, లేదా అందులో కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. పాత డ్రైవరు సెలవు పెట్టిన రోజున తప్పేది ఇలాంటివే. పట్టీలు కోసే కట్టర్ బస్సులో ఉందో లేదో చూడండి. ఐఈపీలో రాసిన వెస్ట్ ఖర్చు డిస్ట్రిక్టుది. ఆత్రపడి మీరు కొనేయకండి.

దింపేటప్పుడు ఎవరి చేతికి అప్పగించాలో పేర్లతో రాసివ్వండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో బస్సు దగ్గరికి వెళ్తారనుకుంటే, వాళ్ల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ముందుగా చేర్చండి. జాబితాలో లేని మనిషికి అప్పగించరు, పిల్లవాణ్ణి తిరిగి స్కూలుకు తీసుకెళ్లిపోతారు.

2015లో కాలిఫోర్నియాలోని విట్టియర్‌లో ఆటిజం ఉన్న 19 ఏళ్ల విద్యార్థి ఎండలో ఆపిన బస్సులోనే ఉండిపోయి చనిపోయాడు. ఆ మరుసటి ఏడు ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది: డ్రైవరు బస్సు వెనకదాకా నడిచి వెళ్లి ఆపితేనే ఆగే అలారం పెట్టాలని. మీ బస్సులో అది ఉందా అని అడగండి.

ఫొటోతో ఒక పేజీ డ్రైవరుకూ, ఎయిడ్‌కూ ఇవ్వండి. ఏ శబ్దానికి బెదురుతాడు, ఏది ఇస్తే కుదుటపడతాడు, ఫిట్స్ ఉన్నాయా లాంటివి రాయండి. "కూర్చో", "ఆగు" లాంటి మన మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. ఇంకో కాపీ రూట్ ఫైల్లో పెట్టమనండి, కొత్త డ్రైవరుకు అదే దిక్కు. ఒంటి మీద కమిలిన గుర్తులు కనిపిస్తే ఆ రోజే బస్సు కెమెరా వీడియో భద్రపరచమని ఈమెయిల్ పెట్టండి. రికార్డింగులు ఎక్కువ రోజులుంచరు.

ఇంత చెప్పినా మేమే దింపుతామంటారా, మైళ్లకు డబ్బులిచ్చే ఒప్పందం ముందే రాయించుకోండి. రేటు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. 2025 ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రేటు మైలుకు 70 సెంట్లు లెక్కేస్తే, 8 మైళ్ల దూరంలోని స్కూలుకు రెండు పూటలా వెళ్లిరావడానికి 32 మైళ్లు, అంటే రోజుకు 22 డాలర్ల 40 సెంట్లు. బండి ఖాళీగా తిరిగే మైళ్లు కలుస్తాయో లేదో కూడా అందులోనే రాయించండి. ముందు తిప్పేసి తర్వాత అడిగితే రాబట్టడం కష్టం.