మా పేర్లు రాసుకుపోయారు, జీతం బాకీ సంగతేంటి?

ప్రవాస జీవితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, మా ఆయన రియాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టీల్ ఫిక్సర్‌గా చేసేవాడు. 2020 ఆగస్టులో, కరోనా సమయంలో మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానంలో ఇంటికి పంపించారు. ఏడు నెలల జీతం, ఫైనల్ సెటిల్‌మెంట్ ఇవ్వలేదు. ఆ ఏడాది చివర్లో ఒక సంఘం వాళ్లు మా ఇంటికొచ్చి పాస్‌పోర్టు, అఖామా (సౌదీలో ఉండటానికిచ్చే కార్డు) జిరాక్సులు తీసుకున్నారు. ఫొటో కూడా దిగారు. మీ కేసు ప్రపంచ వేదిక మీద పెడతామన్నారు. తర్వాత జెనీవాలో మీటింగ్ అయిందని వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి గానీ మాకు రూపాయి రాలేదు. ఇప్పుడు మళ్లీ వచ్చి ఇంకో ఫారం నింపమంటున్నారు. మిమ్మల్ని చూపించుకుని వాళ్లు దేశాలు తిరుగుతున్నారని ఊళ్లో అంటున్నారు. ఆ మీటింగుల్లో అసలు ఏం చేస్తారు? ఫారం నింపాలా, వద్దా?
ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లీ, ముందు డబ్బు సంగతి చెప్తాను. జెనీవా మీటింగ్ వల్ల మీ ఆయన జీతం చేతికి రాదు. కంపెనీని పిలిచి కట్టమనే అధికారం అక్కడ ఎవరికీ లేదు. ఈ మాట మీ ఇంటికొచ్చినవాళ్లు మొదటిరోజే చెప్పి ఉండాల్సింది.

జీతం కోసం వెళ్లాల్సింది సౌదీ లేబర్ కోర్టుకు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపు కేసు వేయాలి. ఆలస్యానికి కోర్టు ఒప్పుకునే కారణం చూపినా, బాకీ ఉందని కంపెనీయే ఒప్పుకుని ఉన్నా ఆ గడువు దాటాక కూడా వినే వీలుంది. అందుకని ఇంట్లో కాగితాలన్నీ ఒకసారి బయటికి తీయండి. విమానం ఎక్కేముందు అరబ్బీలో ఏదైనా రాసి సంతకం పెట్టించుకున్నారా? ఆ నకలు ఉంటే అరబ్బీ వచ్చినవాళ్లతో చదివించండి. ‘నాకు రావలసిందంతా ముట్టింది’ అని ఉంటే కష్టమే. ‘ఇంత బాకీ, తర్వాత పంపిస్తాం’ అని ఉంటే మాత్రం దాన్ని భద్రంగా దాచి, మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి రాయండి. మీ ఆయన ఇక్కడే ఉన్నాడు కాబట్టి, అక్కడ కేసు నడిపేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి రావచ్చు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024లో మొదలైన, ప్రవాసుల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణిలో కూడా ఒక అర్జీ ఇవ్వండి.

మరి ఆ ఫారం ఎందుకంటారా? 2020లో కార్మికులను హడావిడిగా విమానాలెక్కించి పంపేశారు. ఇంటికొచ్చాక ఇక్కడినుంచి కేసు వేయడం ఎంతమందికి చేతనవుతుంది? అందుకే ఆ ఏడాది జూన్ 1న ఆసియా దేశాల వలస సంఘాలు, అంతర్జాతీయ కార్మిక సంఘాలు కలిసి ఒక డిమాండ్ పెట్టాయి: ఎగ్గొట్టిన జీతాల కోసం ప్రత్యేక న్యాయ ఏర్పాటు ఒకటి కావాలని. దాన్ని జీతాల దొంగతనం అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, ఎందుకంటే అంతకుముందు దాన్ని అందరూ ‘పెండింగ్ డ్యూస్’ అనేవాళ్లు. అడగాలంటే పేర్లు, నెలలు, మొత్తాలు ఉండాలి. మీ ఇంట్లో రాసుకున్నవి అందుకే పోయి ఉంటాయి. ఆ ప్రత్యేక ఏర్పాటు మాత్రం వాళ్లడిగినట్టు రాలేదు.

ఇక మీటింగుల సంగతి. వలసలు, అభివృద్ధి మీద 2006లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి పెద్ద చర్చ పెట్టింది. అందులోంచి పుట్టిన ప్రపంచ వేదిక 2007లో బ్రస్సెల్స్‌లో మొదటిసారి కలిసింది. మీ ఇంటికొచ్చినవాళ్లు చెప్పిన ప్రపంచ వేదిక బహుశా ఇదే. అది ప్రభుత్వాల వేదిక. తీర్మానాలకు ఎవరూ కట్టుబడనక్కర్లేదు. సంఘాలకు వేరే రోజులు కేటాయించి, చివర్లో ఒక నివేదిక చదవనిచ్చేవాళ్లు. 2010లో మెక్సికోలో జరిగినప్పుడు ప్రభుత్వాలూ సంఘాలూ కలిసి కూర్చునే సమయం ఒకటి పెట్టారు.

2016 డిసెంబరులో ఢాకాలో ఆ సంఘాల రోజులకు నేనూ వెళ్లాను. వలస పోయినవాళ్లు ఇంటికి పంపే డబ్బు గురించి ఎంతసేపైనా మాట్లాడేవాళ్లు ఉంటారు. పంపే ఖర్చును 2030లోగా 3 శాతం కిందికి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో ఒకటి. మంచిదే. కానీ వెళ్లేముందు ఏజెంటుకిచ్చిన అప్పు మీద మన ఊళ్లలో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ నెలనెలా నడుస్తుంది. ఆ మాటను సంఘాలవాళ్లు ఎత్తకపోతే అక్కడ ఇంకెవరూ ఎత్తరు. ఇంకో లాభం కూడా చూశాను. మన దగ్గర అపాయింట్‌మెంటే దొరకని స్థాయి అధికారులు అక్కడ పక్క కుర్చీలో భోజనం చేస్తుంటారు. ఫైలు నంబరు చెప్పి అడగొచ్చు.

2018లో 152 దేశాలు ఐక్యరాజ్యసమితిలో వలసల ఒప్పందానికి ఓటేశాయి, భారతదేశం కూడా. అందులో 23 లక్ష్యాలున్నాయి. కార్మికుడు సంపాదించుకున్న ప్రయోజనాలు దేశం మారినా అతనికి దక్కాలన్నది అందులో ఒకటి. అదీ చట్టం కాదు. ఈ ఒప్పందం కుదిరిన రెండేళ్లకే, 2020 సెప్టెంబరులో, గల్ఫ్‌కు పంపడానికి పెట్టుకున్న కనీస రెఫరల్ వేతనాలను (ఇంతకన్నా తక్కువ జీతానికి పంపకూడదన్న హద్దును) కేంద్రమే 30 నుంచి 50 శాతం తగ్గించింది. దానిమీద తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘం నుంచి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021లో ఆ తగ్గింపు సర్క్యులర్లు వెనక్కి పోయాయి. నన్నడిగితే ఇన్నేళ్లలో మనకు కంటికి కనిపించిన గెలుపు అదే. అది జెనీవాలో రాలేదు, హైదరాబాద్‌లో వచ్చింది. మీ దగ్గరికొచ్చే సంఘం ఇక్కడ ఏ ఆఫీసు మెట్లెక్కిందో కూడా అడగండి.

ఫారం నింపండి, అయితే ఊరికే కాదు. పోయినసారి మీ వివరాలు ఎవరికిచ్చారు, ఏ కాగితంలో చేర్చారు, నకలు ఒకటి ఇవ్వమనండి. ఫొటో వేయొద్దంటే వేయకూడదు. పాస్‌పోర్టు అసలుది ఎవరి చేతికీ ఇవ్వొద్దు. నకలు అడిగితే ముఖం మాడ్చుకునే సంఘమైతే, ఆ ఫారం అక్కడే వదిలేయండి.

ప్రశ్న: మేడమ్, నేను కువైట్‌లో అరబ్బుల ఇళ్లలో పదకొండేళ్లు పనిచేసి వచ్చాను. ఏడో తరగతి చదివాను. అలాంటి మీటింగుల్లో నాలాంటివాళ్లు మాట్లాడొచ్చా?
ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: మాట్లాడొచ్చమ్మా. 2011 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒప్పందం తెచ్చినప్పుడు, రకరకాల దేశాల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే అక్కడికెళ్లి తమ సంగతి చెప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత వాళ్లే ప్రపంచ సమాఖ్య పెట్టుకున్నారు. మన దేశం మాత్రం ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు.

అసలు టెన్షన్ వీసా. ఆహ్వాన పత్రం ఉన్నా బ్యాంకు ఖాతా చూపించమంటారు. ఖర్చులు పెట్టుకుంటున్న సంస్థ చేత ఆ సంగతి రాయించుకోవాలి. భాష గురించి దిగులొద్దు. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో అరబ్బీ ఒకటి. మీ వంటింటి అరబ్బీ అక్కడి దుబాసీలకు ఎంత అర్థమవుతుందో గానీ, తెలుగు మాత్రం ఉండదు. మిమ్మల్ని తీసుకెళ్లేవాళ్లే తెలుగు తెలిసిన మనిషిని వెంట పెట్టాలి.

ఈలోగా మీ చుట్టుపక్కల కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఏజెంటుకు ఎంత ఇచ్చారు, ఏ తేదీన, ఎవరి చేతికి, ఏ వీసా మీద వెళ్లారు అన్నవి ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి. పదో తరగతి లోపు చదివిన ఆడవాళ్లను ఇంటిపనికి పంపే హక్కు ప్రభుత్వ సంస్థలకే ఉంది, ప్రైవేటు ఏజెంట్లకు లేదు. రసీదు లేకపోయినా పర్వాలేదు, రాయండి.