జీటీకే ఇన్‌స్టాల్ చేశాక ఐకాన్లు మాయం

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల జాబితా కోసం సీ భాషలో, కిటికీలు, బటన్లు తయారుచేసే జీటీకే 4 టూల్‌కిట్‌తో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఫైలు ఎంచుకోవడానికి వచ్చిన కొత్త డైలాగు వాడాలంటే 4.10 వెర్షన్ కావాలి. నా ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు 22.04లో ఉన్నది 4.6. అందుకని 4.14 సోర్స్ కోడ్ దించుకుని, మీసన్ అనే సాధనంతో బిల్డ్ చేసి (నడిచే రూపంలోకి మార్చి), సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో ఇన్‌స్టాల్ చేశాను. ప్రోగ్రాం నడిచింది. కానీ మరునాడు లాగిన్ అయితే డెస్క్‌టాప్ మీద చాలా ఐకాన్లు లేవు, ఫైల్ మేనేజర్ తెరుచుకోవడం లేదు. ఉబుంటును మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. మీ సిస్టమ్ చెడిపోలేదు. ముందు ఒకటి చెప్పండి, బిల్డ్ చేసిన ఫోల్డరు అలాగే ఉంది కదా? ఉంటే పని సులువు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లటి టెర్మినల్ తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి, ఆ ఫోల్డరులోకి వెళ్లి, మీసన్ కింద పనిచేసే నింజాకు అన్‌ఇన్‌స్టాల్ అని చెప్పండి, సుడోతోనే. ఎక్కడెక్కడ ఏ ఫైలు పెట్టిందీ మీసన్ అక్కడ రాసి ఉంచుకుంటుంది కాబట్టి అన్నిటినీ తీసేస్తుంది. తర్వాత లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడిపి, మళ్లీ లాగిన్ అవ్వండి. ఫోల్డరు తొలగించి ఉంటే అదే 4.14 సోర్స్‌ను అవే సెట్టింగులతో మళ్లీ బిల్డ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. విసుగే, కానీ ఉబుంటు మొత్తం ఎక్కించడం కంటే నయం.

ఇలా ఎందుకు జరిగిందో కూడా తెలుసుకోండి, లేకపోతే వచ్చే వారం మళ్లీ ఇదే జరుగుతుంది. జీటీకే ఒక్క లైబ్రరీ కాదు. బర్కిలీలో విద్యార్థులు జింప్ అనే బొమ్మల ప్రోగ్రాం కోసం దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు దాని కింద జీలిబ్ (మూల పనులకు), పాంగో (అక్షరాలకు), కైరో (గీయడానికి), జీడీకే-పిక్స్‌బఫ్ (బొమ్మల ఫైళ్లు తెరవడానికి) వంటి లైబ్రరీలు చాలా ఉన్నాయి. వీటిలో ఏదైనా దొరకకపోతే మీసన్ దాని సోర్స్‌ను కూడా తానే తెచ్చి బిల్డ్ చేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో పిక్స్‌బఫ్ ఉంది. బిల్డ్‌కు కావలసిన దాని ‘డెవ్’ ప్యాకేజీ మాత్రం ఉండి ఉండదు. అందుకే మీసన్ దాన్ని లేనట్టే లెక్కవేసి, కొత్తది కట్టి, జీటీకేతో పాటు యూఎస్‌ఆర్ లోకల్ అనే ఫోల్డరులో పెట్టింది. ప్రిఫిక్స్, అంటే ఎక్కడ పెట్టాలో చెప్పే ఫోల్డరు, ఇవ్వకపోతే మీసన్ పెట్టే చోటు అదే. ఉబుంటులో ఏ ప్రోగ్రాం మొదలైనా సిస్టమ్ లైబ్రరీల కంటే ముందు యూఎస్‌ఆర్ లోకల్‌లో వెతుకుతుంది. కాబట్టి డెస్క్‌టాప్ మొత్తం మీరు కట్టిన పిక్స్‌బఫ్‌నే పట్టుకుంది. ఎస్‌వీజీ ఐకాన్లు గీసే లోడర్ పాత చోటనే ఉంది, కొత్త పిక్స్‌బఫ్‌కు ఆ చోటు తెలియదు. ఐకాన్లు పోయింది ఇందుకే.

నాకు ఇది జీటీకే 3 కాలంలో, మీసన్ ఇంకా రాకముందు, కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ రోజుల్లో జరిగింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక రాత్రంతా కారణం వెతికాను. తెల్లవారుజామున ఎల్‌డీడీ నడిపి చూస్తే పిక్స్‌బఫ్ పేరు పక్కన యూఎస్‌ఆర్ లోకల్ అని కనిపించింది. ఏ ప్రోగ్రాం ఏ లైబ్రరీని ఏ చోటు నుంచి తెచ్చుకుంటోందో చెప్పే ఆదేశం అది. మీరూ అలవాటు చేసుకోండి.

ఈసారి సొంత ఇంట్లో, అంటే మీ హోమ్ ఫోల్డరులో పెట్టండి. ముందుగా ఉబుంటు ప్యాకేజీల జాబితాలో సోర్స్ వరుసలను తెరిచి, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌లో బిల్డ్-డెప్ జీటీకే4 అని అడగండి. డెవ్ ప్యాకేజీలు చాలావరకు వచ్చేస్తాయి, పిక్స్‌బఫ్‌ది కూడా. కొత్త జీలిబ్ లాంటి కొన్ని మాత్రమే మీసన్ బిల్డ్ చేయాల్సి వస్తుంది. 22.04లో ఉన్న మీసన్ కూడా పాతదే, పైథాన్ పిప్‌తో కొత్తది తెచ్చుకోండి. మీసన్ సెటప్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా హోమ్‌లో ఒక ఫోల్డరు ఇవ్వండి, లిబ్‌డిర్‌ను, అంటే లైబ్రరీలు వెళ్లే ఫోల్డరు పేరును, ‘లిబ్’ అని రాయండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. అలా రాయకపోతే ఉబుంటు వంటి డెబియన్ జాతి సిస్టమ్‌లలో లైబ్రరీలు లిబ్ లోపల ప్రాసెసర్ పేరుతో ఉన్న మరో ఫోల్డరులోకి వెళ్తాయి. లైబ్రరీలు ఎక్కడున్నాయో కంపైలర్‌కు చూపే పీకేజీ-కాన్ఫిగ్‌కు మీరు చెప్పే చోటు ఒకటి, ఫైళ్లు ఉన్న చోటు మరొకటి అవుతుంది. వీడియో కోసం ఉన్న జీస్ట్రీమర్ భాగాన్నీ, టెస్టులనూ ఆపేస్తే సమయం కలిసివస్తుంది. పుస్తకాల జాబితాకు వాటితో పని లేదు. ఇన్‌స్టాల్‌కు సుడో వద్దు. సుడో అడిగిందంటే ప్రిఫిక్స్ తప్పు రాశారని అర్థం.

ఆ తర్వాత మీ ప్రోగ్రాంను నడిపే చిన్న షెల్ స్క్రిప్టు రాయండి. అందులో ఎల్‌డీ లైబ్రరీ పాత్‌కు, అంటే లైబ్రరీలు ముందుగా వెతికే చోట్ల జాబితాకు, మీ ఫోల్డరులోని లిబ్ ఇవ్వాలి. 4.6కూ 4.14కూ లైబ్రరీ ఫైలు పేరు ఒక్కటే కాబట్టి, ఈ వరుస మరిచిపోతే పాత 4.6 లోడై, కొత్త డైలాగు ఫంక్షన్ దొరకలేదని ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎక్స్‌డీజీ డేటా డిర్స్‌కు, అంటే ఐకాన్లు, సెట్టింగులు వంటివి వెతికే చోట్ల జాబితాకు, మీ ఫోల్డరులోని షేర్ ముందు చేర్చి, పాత చోట్లను కూడా ఉంచండి. అది లేకపోతే కిటికీ చక్కగా వస్తుంది, కానీ ఫైలు డైలాగు తెరిచిన క్షణంలో స్కీమా (సెట్టింగుల వివరాల ఫైలు) లేదంటూ ప్రోగ్రాం కూలిపోవచ్చు. మీరు ఇదంతా చేస్తున్నదే ఆ డైలాగు కోసం కనుక తప్పక గుర్తుంచుకోండి.

బిల్డ్ అయ్యాక నేను మొదట చేసే పరీక్ష ఒకటుంది. జీటీకేతో వచ్చే విడ్జెట్ ఫ్యాక్టరీ అనే ప్రోగ్రాం తెరిచి, రాసే పెట్టెలో ‘స్త్రీ’ అని టైపు చేస్తాను. మనం చదివేది ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు అవి ఆరు కోడ్‌లు. వాటిని ఒకటిగా చేసి, తావత్తును, రావత్తును ఎక్కడ పెట్టాలో చూసేది పాంగో, దాని కింద హార్ఫ్‌బజ్. పాంగో పేరులో సగం గ్రీకు, సగం జపనీస్, అర్థం ‘అన్ని భాషలూ’. హార్ఫ్‌బజ్ పేరు పర్షియన్ మాటల నుంచి వచ్చింది. తెలుగు కిటికీలో మన వత్తులు చెదరకుండా నిలబడ్డాయంటే నాకు ఎప్పటికీ సంతోషమే. మీ జాబితాలో శీర్షికలన్నీ తెలుగులోనే కదా, కాబట్టి మీరు ఇది రెండుసార్లు చూడండి.

ఇంకొక్క మాట. గ్రంథాలయంలోని కంప్యూటర్‌లో ఏ ఉబుంటు ఉందో ఎవరినైనా అడిగి కనుక్కోండి. 24.04 అయితే దాని ప్యాకేజీల్లోనే జీటీకే 4.14 ఉంది. అక్కడికి మీ ప్రోగ్రాం ఫైలు ఒక్కటి తీసుకెళ్తే చాలు, స్క్రిప్టు కూడా అక్కర్లేదు.