పాత రోమన్ వెండి నాణెం మీద బొమ్మ పక్కకి జరిగి ఉంటే అది నకిలీదేనా?

మీ నాణెం మీద చక్రవర్తి తల ఓ పక్కకి జరిగింది, అక్షరాలు సగం లేవు, అందుకే నకిలీ అని మీకెవరో చెప్పారన్నారు కదా, ఆ ఒక్క కారణానికే అయితే కంగారు పడకండి. నా దగ్గర రోమన్ చక్రవర్తి టిబెరియస్ కాలం దేనారియస్, అంటే వెండి నాణెం, ఒకటుంది, దాని వెనక కూర్చున్న ఆవిడ బొమ్మ బానే పడింది గానీ "పాంటిఫ్ మాక్సిమ్" (ప్రధాన పూజారి అనే బిరుదు) అని ఉండాల్సిన చోట మాక్సిమ్ సగం బిళ్ళ దాటి పోయింది.

మా నాన్న కంసాలి పని చేసేవారు. దాన్ని చూపిస్తే భూతద్దం కూడా అడగలేదు, అంచు మీద గోరు పెట్టి రాసి "ఇది పోత కాదురా, సుత్తి దెబ్బ" అన్నారు. అంతే మరి, అప్పట్లో తల ఉన్న అచ్చుని కింద దిమ్మలో బిగించేవాళ్ళు, తూకం చూసిన వెండి బిళ్ళని కాల్చి దాని మీద పెట్టి, ఇంకో అచ్చు పైన చేత్తో పట్టుకుని సుత్తితో ఒక్కటిచ్చేవాళ్ళు. ఈ కాలం మిషన్లలోలా చుట్టూ రింగు ఉండదు కాబట్టి వెండి ఎటు దారుంటే అటు పాకుతుంది, అంచులు చిట్లుతాయి, చెయ్యి కొంచెం కదిలితే బొమ్మ పక్కకి పోతుంది. అచ్చుల మీద బొమ్మంతా తిరగేసి, లోపలికి చెక్కాలి, అదీ చేత్తోనే. ఒక్కోసారి కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోతే చూసుకోకుండా తర్వాతది కొట్టేసేవాళ్ళు, దానికి ఒకవైపు తల మామూలుగా, రెండోవైపు అదే తల గుంటగా పడేది. నాకైతే అవే ఇష్టం, కొనే స్తోమత లేదనుకోండి!

నేను మోసపోయింది మాత్రం చక్కగా గుండ్రంగా ఉన్నదానితో. ఆన్‌లైన్‌లో కొన్నా, నెల తర్వాత అదే సెల్లర్ ఇంకోటి పెట్టాడు, అదే చోట అదే గీత, అదే చిన్న సొట్ట. చేత్తో కొట్టినవి రెండు అలా ఉండవు కదా, రెండూ ఒకే మూసలో పోసినవి. తర్వాత చూస్తే అంచు చుట్టూ సన్నగా అతుకు గీత, బొమ్మ మీద బుడగల గుంటలు.

ఇంకోటి, ఆ కాలంలోనే నకిలీలు ఉండేవి, లోపల రాగి పెట్టి పైన వెండి రేకు చుట్టి కొట్టినవి. అందుకే అప్పటి వ్యాపారులు ఉలితో గాటు పెట్టి చూసేవాళ్ళు, మీ నాణెం మీద గాటుంటే అదేమీ తప్పు కాదు. లోపల రాగి ఉన్నవి తక్కువ తూగుతాయి. అగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టిబెరియస్ కాలంలో ఒక రోమన్ పౌండు (ఇప్పటి పౌండు కన్నా చిన్నది) వెండికి 84 నాణేలు కొట్టేవాళ్ళు, అంటే ఒక్కోటి సుమారు 3.9 గ్రాములు, అరిగినవి కాస్త తక్కువ తూగుతాయి. తర్వాత నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో పౌండుకి 96 నాణేలు చేశాడు, వెండిలో కల్తీ కూడా పెంచాడు. మన నల్గొండ వైపు, ఇంకా దక్షిణాదిలో దొరికిన వెండివి ఎక్కువగా అగస్టస్, టిబెరియస్‌లవే.

మీది ఎవరి నాణెమో చెప్పలేదు. తూకం వేసి, అంచుది దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి పెట్టండి, చూద్దాం.