తమ్ముడి మెడల్ గురించి మాట్లాడబోయే మేనకోడలికి

అమ్మలూ,

ఆదివారం గాజువాకలో మీ తమ్ముడి సన్మానసభలో వాడి గురించి నువ్వే చెప్పాలని కాలనీవాళ్లు పట్టుబట్టారటగా, మీ అమ్మ ఫోన్‌ చేసి చెప్పింది. ఒప్పుకుని మంచి పని చేశావు.

ముందు ఆ ఫ్లెక్సీ ఆపించు. నాకు వాట్సాప్‌లో వచ్చిన నమూనాలో 'పరమవీరుడు' అని రాసి, పక్కన పరమవీర చక్ర బొమ్మ పెట్టారు. ఆ చక్ర ఇప్పటిదాకా 21 మందికే ఇచ్చారు, అందులో 14 మందికి చనిపోయాకే. మనవాడికి వచ్చింది సాహసానికి ఆర్మీలో ఇచ్చే సేనా మెడల్. రానిదాన్ని అంటగడితే స్టేజీ మీద తల దించుకునేది వాడే. అదే మెడల్‌ని విధి నిర్వహణకూ ఇస్తుంటారు కాబట్టి, 'సేనా మెడల్ (గ్యాలంట్రీ)' అని పూర్తిగా వేయించు.

ఇక నీ మాటలు. మెడల్ ఎందుకిచ్చారో రాసి వాడికిచ్చిన సైటేషన్ కాగితం అడిగి తీసుకో. ప్రాణాలను లెక్కచేయలేదు, అసమాన ధైర్యం చూపాడు లాంటి ముక్కలు దాదాపు ప్రతి సైటేషన్‌లోనూ ఉంటాయి, వాటి మీద టైం పెట్టకు. ఎక్కడున్నాడు, ఎదురుగా ఏముంది, ఏం చేశాడు, అవి ఏరుకో. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద యోగేంద్ర సింగ్ యాదవ్ చేసింది చూడు. తాడుతో కొండ ఎక్కుతుంటే సగంలో పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. గజ్జల్లో, భుజంలో తూటాలు దిగినా మిగిలిన అరవై అడుగులూ ఎక్కాడు, పాక్కుంటూ బంకర్ దాకా వెళ్లి గ్రెనేడ్ విసిరాడు. ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా వినేవాడు కుర్చీలో కదలడు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపించే రిటైర్డ్ నేవీవాళ్ల మాటలు ఓసారి వినిరా. ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ టార్పెడో ఎక్కించేవాళ్లం అంటారు, అంతే. అలా చెప్పాలి.

అన్నట్టు, మన తీరంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని లాక్కురాకు. మన విశాఖలో ఎవడు మైకు పట్టుకున్నా 1971 డిసెంబరుకి పోకుండా ఉండడు. అది సముద్రం మీద మా నేవీవాళ్ల కథ, వీడిది కొండల్లో జరిగింది. నేవీవాణ్ణి నేనే చెబుతున్నాను కదా, వినవే.

రాసే ముందు వాడితో ఓ సాయంత్రం కూర్చో. ఎంతమందిని చంపావని మాత్రం అడగొద్దు, పక్కింటి పిల్లల్నీ అడగనివ్వకు. ఆ రోజు నీ పక్కన ఎవరెవరున్నారని అడుగు. నోరు విప్పుతాడు. అక్కడ ఎవరైనా పోయి ఉంటే, వాళ్లింటివాళ్లు ఒప్పుకుంటేనే, మీ తమ్ముడి పేరుకన్నా ముందు ఆ పేరు చెప్పు. యూనిట్ ఇప్పుడెక్కడుంది, మళ్లీ ఎప్పుడు వెళ్తున్నాడు లాంటివి మైకులో వద్దు, ఫేస్‌బుక్‌లో అసలే వద్దు. రాసింది వాడికి చదివి వినిపించు. కొట్టేయమన్నది ఎంత బాగున్నా కొట్టేయ్. ఐదు నిమిషాలు దాటనివ్వకు, ఎలాగూ ఆ తర్వాత నాయకులు అరగంట తింటారు.

శాలువా గురించి నిర్వాహకులకు ముందే చెప్పు. మెడల్స్ ఎడమ రొమ్ము మీద ఉంటాయి. మనవాళ్లు శాలువా కప్పి, గజమాల వేసి వాటిని పూర్తిగా మూసేస్తారు. ఫొటోలన్నింట్లో బంతిపూలే కనిపిస్తాయి. దండ చేతికివ్వమను, శాలువా మడిచి ఇచ్చినా చాలు. ఎవరైనా మెడల్ చూస్తామని అడిగితే వాడే చూపిస్తాడు, నువ్వు విప్పించి వరసల్లో తిప్పకు.

మీ అమ్మకి ముందు వరసలో, నడవ పక్కన కుర్చీ వేయించు. మోకాళ్ల నొప్పులతో మధ్యలోంచి లేచి రాలేదు. నీ డ్రాఫ్ట్ శుక్రవారం లోపు పంపితే చూసి పెడతాను.

మీ మావయ్య