దిండు కింద ఫోన్: రేడియేషన్ కన్నా ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా బాబుకి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. రాత్రి ఒంటిగంట దాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ చూస్తాడు. ఆ తర్వాత ఛార్జింగ్ పెట్టి దిండు కిందే ఉంచుకుని పడుకుంటాడు. పొద్దున ఆరింటికి లేపుతుంటే తలనొప్పి అంటాడు. ఈమధ్య చెవుల్లో గుయ్యిమంటోందని కూడా చెప్పాడు. ఫోన్ రేడియేషన్‌తో మెదడులో గడ్డలు వస్తాయని మా ఆడపడుచు అన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అది పాత ఫోన్, వెనక మూత కూడా కాస్త పైకి లేచింది. కొత్తది కొనమని గొడవ. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు ఆఖర్న మామూలుగా రాసేసిన మాటే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. వెనక మూత పైకి లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇది చదివిన వెంటనే ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టడం ఆపించండి. లిథియం అయాన్ బ్యాటరీ పాడైతే లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. దాన్ని దిండు కింద ఛార్జింగ్‌లో ఉంచితే వేడి బయటికి పోదు, మంటలు రావచ్చు. మూతను నొక్కి సరిచేయడం, పిన్నుతో పొడవడం అస్సలు వద్దు. స్విచాఫ్ చేసి, పరుపులకీ బట్టలకీ దూరంగా గచ్చు మీద పెట్టండి. వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి చేర్చండి. ఈ ఒక్క విషయంలో బాబుతో బేరాలు వద్దు.

ఇక రేడియేషన్ సంగతి. మీ ఆడపడుచు గారు లేనిది కల్పించి చెప్పలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫోన్ల నుంచి వచ్చే ఈ రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో చేర్చింది. సాక్ష్యం బలంగా లేదు గానీ పూర్తిగా కొట్టిపారేయలేం అన్నప్పుడు అందులో పెడతారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒక సమీక్ష చేయించింది. 63 అధ్యయనాలను పరిశీలించి, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదని 2024లో తేల్చారు. ఎక్స్‌రేలా డీఎన్‌ఏని తెంచే శక్తి ఈ తరంగాలకి లేదు. మన దేశంలో ఫోన్ల ఎస్‌ఏఆర్ విలువ, అంటే ఫోన్ తరంగాల నుంచి శరీరం పీల్చుకునే శక్తి కొలత, కిలోకి 1.6 వాట్లు దాటకూడదని నియమం కూడా ఉంది. *#07# నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనిపిస్తుంది. సిగ్నల్ తక్కువగా ఉన్నచోట ఫోన్ ఎక్కువ శక్తితో పనిచేస్తుంది కాబట్టి, అక్కడ స్పీకర్ పెట్టుకుని మాట్లాడితే సరిపోతుంది. దీని కోసం మీరు నిద్ర మానుకోవద్దు.

మానుకోకూడనిది బాబు నిద్ర. ఈ వయసులో 8 నుంచి 10 గంటలు కావాలి, అతనికి దొరుకుతున్నది 5. తలనొప్పికి ఇదొక్కటే పెద్ద కారణం కావచ్చు. టీనేజ్‌లో శరీరంలోని గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది, అందుకే పదింటికి నిద్ర రాకపోవడాన్ని మొండితనం అనుకోకండి. దానికి తోడు కళ్ల ముందు స్క్రీన్ వెలుగుంటే నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. నా సలహా ఒకటే: రాత్రి పదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకచోట ఛార్జింగ్‌కి చేరాలి. అన్నీ అంటే మీదీ, మీవారిదీ కూడా. పిల్లాడి ఫోన్ ఒక్కటే లాక్కుంటే అది శిక్ష అవుతుంది, రెండో రోజుకే గొడవ మొదలవుతుంది. పొద్దున లేవడానికి ఒక అలారం గడియారం కొనివ్వండి.

అర్ధరాత్రి ఏం చూస్తున్నాడో కూడా తీరిగ్గా, తిట్టకుండా అడగండి. ఆటలో, రీల్సో అయితే ఫరవాలేదు. కొందరు పిల్లల్ని ఎవరో ఫోటోలతో బెదిరిస్తుంటారు, ఇంట్లో తెలిస్తే కొడతారన్న భయంతో నెలల తరబడి నోరు విప్పరు. అలాంటిదేమైనా బయటపడితే డబ్బు కట్టకండి, మెసేజ్‌లు చెరిపేయకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మనసు బాగోలేదనిపిస్తే 14416లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

చెవుల విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లు కూడా 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకే వినొచ్చు. అదే 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే. బస్సులో రొద వినపడకుండా సౌండ్ పెంచే పిల్లలు ఎక్కడున్నారో ఊహించుకోండి. సౌండ్ సగం దగ్గరే ఉంచమనండి, ఇయర్‌ఫోన్స్‌తో నిద్రపోనివ్వకండి. ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. అదే రోజు కళ్లు కూడా పరీక్ష చేయిస్తే మంచిది, సైట్ ఉన్నా ఇలాంటి తలనొప్పి వస్తుంది.

రెండు సందర్భాల్లో మాత్రం ఆగొద్దు. చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి, ఆలస్యమైతే మందు పనిచేయకపోవచ్చు. తలనొప్పి నిద్రలోంచి లేపేస్తున్నా, పొద్దున్నే వాంతులవుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా ఫోన్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.