‘పెంచుకుంది’ అని రాయకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కొత్త జాతులు ఎలా పుడతాయో చెప్పాలన్న తాపత్రయం కనిపిస్తోంది గానీ, మొదటి పేరాలోనే ‘కరువు రాగానే ఫించ్ పిట్టలు ముక్కు పెంచుకున్నాయి’ అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. మన భాషలో ఆ ‘కొను’ భలే మోసం చేస్తుంది, ఎక్కడ తగిలించినా ఎవరో కావాలని చేసినట్టే వినిపిస్తుంది. ఏ పిట్టా ఏదీ పెంచుకోలేదు. 1977లో పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లో వానల్లేవు, చిన్న గింజలు అయిపోయి పెద్దవి, గట్టివి మిగిలాయి, వాటిని పగలగొట్టగలిగిన లావు ముక్కు పిట్టలు ఎక్కువగా బతికాయి, మిగతావి చాలావరకు చచ్చిపోయాయి. తర్వాత పుట్టిన పిల్లల ముక్కులు సగటున పెద్దవి. 1973 నుంచి పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే జీవశాస్త్రవేత్తల జంట అక్కడి పిట్టల ముక్కులు కొలుస్తూ వచ్చింది కాబట్టి ఇదంతా తెలిసింది.

అయినా ఇది కొత్త జాతి కాదు, నువ్వు రెండింటినీ కలిపేశావు. మారడం వేరు, విడిపోవడం వేరు. విడిపోవాలంటే రెండు గుంపుల మధ్య జతకట్టడం తగ్గిపోవాలి. అది చూపించడానికి అదే దీవిలో ఇంకా మంచి కథ ఉంది, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు! 1981లో ఎక్కడో వంద కిలోమీటర్ల అవతలి ఎస్పాన్యోలా దీవి నుంచి ఒక మగ పిట్ట వచ్చి వాలింది. స్థానిక పిట్టలకంటే బాగా లావు, పాట కూడా వేరు. అక్కడి ఆడపిట్టతో జతకట్టింది. కొడుకులు తండ్రి పాటే నేర్చాయి, ఆ పాట స్థానిక ఆడపిట్టలకు పట్టలేదు, దాంతో కొద్ది తరాల్లోనే ఆ వంశం తమలో తామే జతకట్టింది. ఒక కరువులో అన్నాచెల్లెలూ ఇద్దరే మిగిలితే వాళ్లతోనే వంశం నిలిచింది. దీన్ని జాతి అనాలా వద్దా అని నిపుణులే తటపటాయిస్తారు. నువ్వూ తటపటాయించు, తప్పేం లేదు.

గుంపులను విడదీసే అడ్డుగోడ కనబడాలంటే, రెండు అమెరికా ఖండాలను కలిపే సన్నని నేల, పనామా భూసంధి తీసుకో. సుమారు 30 లక్షల ఏళ్ల కింద అది పూర్తిగా మూసుకుని రెండు సముద్రాలను వేరు చేసింది (ఇక్కడ ‘మూసుకుని’ అనొచ్చులే, భూమికి ఉద్దేశం ఉందని ఎవరూ అనుకోరు). చిటికెలు వేసే చిన్న రొయ్యలు అటూ ఇటూ మిగిలాయి. చూడ్డానికి దాదాపు ఒకటే. కానీ ఇటు మగదాన్నీ అటు ఆడదాన్నీ ఒకే తొట్టిలో పెడితే జతకట్టడం మానేసి డెక్కలు పటపటలాడిస్తూ కొట్లాటకు దిగేవి. ఆ తొట్టి పాఠకుడికి చూపించు చాలు, నీ మూడు పేరాల నిర్వచనాలు ఎవరికీ అక్కర్లేదు.

కంచరగాడిద ఉదాహరణ తీసెయ్, అందరూ రాసేశారు. ‘ఫలానా నాటికి కొత్త జాతి అవతరించింది’ అన్న వాక్యం కూడా. అలాంటి తేదీ దాదాపు ఎప్పుడూ ఉండదు, మామూలుగా ఏ తల్లీ తనది కాని జాతి పిల్లను కనదు.

రొయ్యలతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి ‘కొను’లన్నీ ఎర్ర పెన్నుతో నువ్వే చుట్టి పంపు, నాకు పని తగ్గుతుంది.